అక్కన్నపేట కిరాణా దుకాణదారుల ప్రణాళిక

అక్కన్నపేట మండల కేంద్రమునందును, చుట్టుప్రక్కల పల్లెలయందును తండాలయందును కిరాణా దుకాణములు, పాను డబ్బాలు నడుపుకొని జీవించు మేము, ఇకమీదట మా గల్లాపెట్టె ముందు నిలుచు పిల్లల చేతికి పొగాకును గాని మద్యమును గాని ఏ రూపమునను, ఏ నెపమునను, ఎవరి పేరు చెప్పినను అందింపబోమని ఊరి పెద్దల యెదుటను మా బిడ్డల యెదుటను ప్రకటించుచున్నాము.

చట్టము మాకు తెలియనిది కాదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము ఆఱవ సెక్షను, పదునెనిమిదేండ్లు నిండనివారికి సిగరెట్టు, బీడీ, చుట్ట, నమలు పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు 100 గజముల లోపల ఎవరికిని అమ్మరాదనియు శాసించుచున్నది; 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్లకు తగ్గని పలకపై బాలలకు అమ్మరాదన్న మాట వ్రాసి దుకాణములో నలుగురికి కనబడునట్లు ఉంచవలెనని దాని నియమములు విధించుచున్నవి; కొనువాడు బాలుడు కాడని నిరూపించు భారము సైతము అమ్మినవానిదే. ఆ సెక్షనును ఉల్లంఘించినందుకు జరిమానా 200 రూపాయలకు మించదు గాని, 2015 నాటి బాలల న్యాయచట్టము డెబ్బది యేడవ సెక్షను ప్రకారము, వైద్యుని ఆజ్ఞ లేక బిడ్డకు మద్యమును గాని పొగాకును గాని ఇచ్చినవానికి ఏడేండ్ల వఱకు కఠిన కారాగారవాసమును, లక్ష రూపాయల వఱకు జరిమానాయు గలవు. మద్యమునకు మన తెలంగాణ రాష్ట్రమున వయఃపరిమితి 21 సంవత్సరములు.

ఇన్ని శాసనము లుండియు, 2019లో దేశవ్యాప్తముగా విద్యార్థులలో జరిగిన పొగాకు సర్వే, పదమూడు మొదలు పదునైదేండ్ల వయస్సు వారిలో 8.5 శాతము ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నారనియు, నమలు పొగాకు వంటివి అలవరచుకొన్నవారిలో సగమునకు పైగా పదేండ్లు నిండకమునుపే మొదలుపెట్టిరనియు తేల్చెను. పదేండ్లు నిండని బిడ్డకు ఆ పొట్లము ఆకాశమునుండి రాలలేదు. మావంటి దుకాణదారుని చేతినుండియే అది ఇంటికి చేరినది.

ఎట్లు చేరినదో ఊరిలో నెఱుగనివా రెవరు? సాయంకాలము బడి వదలిన పిమ్మట ఏడెనిమిదేండ్ల పిల్లవాడు పదిరూపాయల నోటు పిడికిట బిగించి పరుగెత్తుకొని వచ్చి, "మా నాయిన బీడీ కట్ట తెమ్మన్నడు" అనును. ఇంకొక పిల్ల "తాతకు అంబర్ పొట్లం" అని నమలు పొగాకు అడుగును. ఆ నాయినను మే మెఱుగుదుము, ఆ తాతను మే మెఱుగుదుము. నమ్మకము కలవారి మాట కాదనుట మర్యాద కాదని తలచి ఇచ్చివేయుట మా వృత్తిలో తరతరముల అలవాటు. అయితే చట్టము "పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదు" అని చెప్పినదే గాని, పెద్దలు పంపినచో అమ్మవచ్చునని యెచ్చటను మినహాయింపు నీయలేదు. అట్టి మినహాయింపు లేకుండుట న్యాయమే, ఏలయన నిత్యము బీడీ కట్ట మోసిన చేతికి ఆ కట్టయందు భయము గాని వింత గాని మిగులదు, కట్టలో ఒకటి తగ్గినచో అడుగువా రుండరు, నేడు తండ్రి కొఱకు వచ్చినవాడు రేపు తండ్రి పేరు చెప్పి తనకొఱకే వచ్చును. కావున ఇకమీదట మా దుకాణములలో దొరకు సమాధాన మొక్కటే: "నాయిననే రమ్మను బిడ్డా." కాలు నడవలేని ముసలివా రున్నచో, దుకాణము మూసిన పిదప మేమే వారి గడపకు తెచ్చి యిత్తుము, ఆ శ్రమ మాది కావలెను గాని, పసిపిల్లది కారాదు.

వయఃపరిమితిని గూర్చిన శాసనములు మాఱుచుండును. పొరుగున నున్న కర్ణాటక పొగాకునకు పరిమితిని 21 ఏండ్లకు పెంచినది. న్యూజిలాండ్ దేశము 2009లోను ఆ తరువాతను పుట్టినవారికి జీవితాంతము సిగరెట్టు అమ్మరాదని 2022లో చట్టము చేసి, 2024లో రద్దు చేసికొన్నది. నాడు ఉమ్మడి రాష్ట్రమైన మన నేలమీదను, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముల కెదురు నిలిచిన ఉద్యమఫలముగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయినది. ప్రభుత్వములు ఇచ్చునది ప్రభుత్వములే తీసికొనగలవు. దుకాణదారుడు ఇయ్యనని చేయి వెనుకకు తీసికొన్నచో దానిని ముందుకు లాగగల జీవో లేదు.

విడి సిగరెట్లు ఇక మా దుకాణములలో దొరకవు. ఇది మాకు నష్టకరమైన నియమము; చిన్న దుకాణమున దినమునకు వచ్చు చిల్లరలో మంచి భాగము ఈ విడి అమ్మకమునుండియే వచ్చుచున్నదని దాచక చెప్పుచున్నాము. అయినను పెట్టె కొనలేని బాలుడు ఒక సిగరెట్టును కొనగలడు. 2016 ఏప్రిల్ నుండి పెట్టెపై 85 శాతము మేర ముద్రింపబడుచున్న హెచ్చరిక బొమ్మ విడిగా కొన్నవాని కంట పడనే పడదు. పిప్పరమెంట్ల సీసాల ప్రక్కన పొగాకు పొట్లముల దండలు వ్రేలాడదీయుటయు మానుదుము. గుట్కాను ఏ వయస్సు వారికిని అమ్మము. వైన్స్ నుండి సీసాలు తెచ్చి పల్లెలో చాటుగా అమ్ము బెల్టు దుకాణములు నడుపువారికి ఈ ప్రణాళికలో సంతకము చేయు అర్హత లేదు.

పొగాకు అడుగవచ్చిన పిల్లవానిని మందలింపము, నలుగురిలో పేరెత్తి పరువు తీయము. తండానుండి వచ్చిన బిడ్డను ఒక తీరుగను, పటేలు గారి బిడ్డను ఇంకొక తీరుగను చూడము. మీసము మొలచిన యువకుని వయస్సు నిశ్చయింపలేనిచో ఆధార్ కార్డు చూపుమని యడుగుదుము; చూచి తిరిగి యిత్తుము, ఫోటో తీసికొనము.

ఇచ్చట ఒక మాట విడిగా చెప్పవలసి యున్నది. హానిని బట్టి పెట్టిన హద్దు వేఱు, సిగ్గును బట్టి పెట్టిన హద్దు వేఱు. శానిటరీ ప్యాడ్ల కొఱకు వచ్చిన ఆడపిల్లను ప్రక్కకు నిలిపి, అందఱు వెళ్లిన పిదప నల్ల కవరులో చుట్టి యిచ్చు దుకాణము, ఆమె తమ్ముని చేతికి నిస్సంకోచముగా పొగాకు పొట్లము అందించుచుండుట మన పల్లెల దురాచారము. ప్యాడ్లు ఇకమీదట మా దుకాణముల ముందు వరుసలో, సబ్బుల ప్రక్కన నుండును.

బీడీలు చుట్టి సంసారము నీడ్చు మన జిల్లా తల్లుల కష్టమునకు మేము విరోధులము కాము. వారు చుట్టిన బీడీ వారి బిడ్డ పెదవి చేరరాదనుట వారి కోరికయు నగునని మా విశ్వాసము. పండుగపూట కల్లు లొట్టి ముందర కూర్చున్న పెద్దలు ముద్దుకొఱకు పసివాని నోట గుక్కెడు పోయుట మా దుకాణము పరిధిలోనిది కాదు. మానుడని చేతులు జోడించి వేడుకొనుటకు మాత్రము పొరుగువారముగా మాకు హక్కు గలదు.

గ్రామపంచాయతీవారు మా పలకలకు స్థలమును, బడి ప్రహరీనుండి 100 గజముల కొలతను చూపవలెను. ఆ కొలత లోపల పడిన దుకాణము పొగాకు మాని వేఱు సరకు పెట్టుకొనుటకు తగిన వ్యవధి నీయవలెను. ఆబ్కారీవారు కిరాణా దుకాణముల కంటె ముందుగా బెల్టు దుకాణములపై దృష్టి నిలుపవలెను. సంతకము చేసిన దుకాణముల జాబితా పంచాయతీ కార్యాలయపు గోడపై నుండును. బిడ్డ చేతికి పొగాకు ఇచ్చినట్లు ఏ తల్లియైనను వచ్చి చెప్పినచో, ఆ దుకాణదారుని మాట కూడ విని, నిజమని తేలిన దినముననే ఆ పేరు కొట్టివేయుదుము.