ఎన్నూరు నీటిలో మనం లెక్కపెట్టని నష్టం

డిసెంబరు 2023లో మిచౌంగ్ తుపాను వరదతో పాటు మణలి వైపు నుంచి చమురు బకింగ్‌హాం కాలువలో పడి, కొసస్థలై నది మీదుగా ఎన్నూరు ఉప్పుటేరులోకి, అక్కడి నుంచి సముద్రంలోకి చేరిన సంగతి చెన్నైలో ఉండే మీకు నేను చెప్పక్కర్లేదు. సముద్రం మీద ఆ తెట్టు దాదాపు 20 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. జాలరులు బకెట్లతో తోడి పోశారు. ప్రభుత్వం మత్స్యకార కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, పడవల బాగుకు 10,000 చొప్పున సాయం ప్రకటించింది.

పడవకు, వలకు ఖరీదు కట్టొచ్చు. మరి ఆ చేపలు తిని బతికే తిండి మాటేమిటి?

ఆ తిండికి మూలం సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనపడని నాచు. పాఠ్యపుస్తకంలో వృక్ష ప్లవకాలు అని ఒక్క వాక్యంలో దాటేస్తాం గానీ, భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటిదే. వీటిని జంతు ప్లవకాలు తింటాయి, వాటిని చేపపిల్లలు, రొయ్య పిల్లలు తింటాయి.

చమురు పొర వెలుతురును అడ్డుకుంటుంది, అది అందరికీ తెలిసేదే. అంతకంటే కీడు నీటిలో కరిగే భాగంతో వస్తుంది. మనం బీరువాలో వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీన్ లాంటి పదార్థాలు ముడిచమురులోనూ ఉంటాయి. అవి కణం పైపొరలోకి చొరబడి కిరణజన్య సంయోగక్రియను మందగింపజేస్తాయి. ఈ జాతి పదార్థాల్లో కొన్నింటికి ఎండ తగిలితే విషం ఇంకా పెరుగుతుంది. మన తీరంలో ఎండకు కొదవేముంది!

అయితే ఒక మెలిక ఉంది. చమురు పడ్డాక కొన్నిసార్లు నాచు తగ్గదు, పెరుగుతుంది. దాన్ని మేసే జంతు ప్లవకాలు చచ్చిపోతే మేసేవాళ్ళే ఉండరు కదా. తట్టుకునే జాతులు ఆ చోటంతా ఆక్రమిస్తాయి, తట్టుకోలేనివి పోతాయి. అందుకే "నీళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి, అంతా బాగుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎంత నాచు ఉందని కాదు, ఏ రకం నాచు ఉందని అడగండి. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలినప్పుడు నాచు విడిచే జిగురుకు చమురు అంటుకుని, ముద్దలు కట్టి సముద్రం అడుక్కి దిగింది. పైన తేటపడింది, సరుకు కిందికి పోయింది, అంతే.

న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. ఈ జీవులు చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలవు. కొత్త నీరు వచ్చే బయటి సముద్రంలో అవి త్వరగానే కోలుకుంటాయి. కానీ ఉప్పుటేరు సంగతి వేరు. బురదలో, మడచెట్ల వేళ్ళలో పట్టుకున్న చమురు ఆటుపోట్లతో కొంచెం కొంచెంగా మళ్ళీ నీటిలోకి వస్తుంది. పైగా ఎన్నూరుకు ఇది మొదటి దెబ్బ కాదు. 2017 జనవరి 28న ఇక్కడి రేవు దగ్గరే రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికింది.

ఏది మారిందో తేల్చాలంటే చమురు పడక ముందు నీరు ఎలా ఉండేదో రాసి ఉండాలి. ప్రమాదం జరిగాక సీసాలు పట్టుకుని పరిగెత్తితే పోలికకు ఏముంటుంది? డయాటమ్‌ల వంటి పెద్ద రకాలు బడి మైక్రోస్కోపులోనూ కనపడతాయి. కాబట్టి వేటకు వెళ్ళే తండ్రులకు ఒక మనవి: నెలకొకసారి ఒక సీసా నీళ్ళు తెచ్చి, తేదీ, చోటు రాసి, అదే రోజు సైన్సు మాస్టారికి అందజేయండి. పిల్లల్ని మాత్రం ఒంటరిగా ఏటి దగ్గరికి పంపవద్దు.

— ప్రధానోపాధ్యాయుడు