కట్ట కాయను మేం, చేప తినను మీరా?

మా తాత నీరటి. తూము తీయడం, మూయడం, మడిమడికీ నీళ్లు పారించడం ఆయన పని. వానాకాలం కట్ట తెగేటట్టుంటే అర్ధరాత్రి పిలుపు మా మాదిగవాడకే వచ్చేది. గోనెసంచుల్లో మట్టి నింపి గండి పూడ్చింది మావోళ్లే. ఊరిని మునగకుండా కాసిన ఆ చేతులకు చెరువులో చేప మీద మాత్రం హక్కు లేదు.

ఐదో తరగతిలో ఎర్రను గుచ్చి గాలమేసిన. కొర్రమీను పడ్డది. అవ్వ పులుసు పెడ్తదని ఉరికిన. చెరువు పాట పాడుకున్నాయన మనిషి కట్ట మీదనే పట్టుకున్నడు. చేప గుంజుకొని, గాలపుకట్టెతోనే ఈపు పగలగొట్టిండు. 'దొంగ' అన్నడు. నాయిన వచ్చి చేతులు కట్టుకొని 'తప్పయింది పటేలా' అన్నడు. ఈపు మీది దెబ్బ మానింది. ఆ మాట మానలేదు.

ఇప్పుడు నేను సర్కారు బడి పంతులును. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. పోయిన మార్చిలో చెరువు ఇంకి బురద తేలితే, నా తరగతి పిల్లగాడు ఊతతో ఒక్క కొర్రమీను పట్టి అవే దెబ్బలు తిని బడికొచ్చాడు. 'లీజుంది, సొసైటీ ఉంది, రూలుంది కద సార్' అన్నాడు తోటి పంతులు.

సరే, రూలే మాట్లాడుదాం. వల మీద బతికే కులాలతో నాకు కొట్లాట లేదు. మా ఊళ్లో సంఘం పేరు వాళ్లది, లాభం పెద్దకులపాయనది. వల గుంజేటోళ్లకు మిగిలేది కూలే. 2016 నుంచి సర్కారు పంచింది కూడా జనం సొమ్ముతో కొన్న చేపపిల్లలే. ఇక మా చెరువు కొర్రమీనునైతే ఎవరూ తెచ్చి పోయలేదు. నీళ్లు తగ్గినా పైకొచ్చి గాలి పీల్చి, బురదలో తనంతట తాను బతికేది. దానికి పట్టా ఎవడిచ్చాడు?

1927లో మహాడ్ చెరువు నీళ్లు దోసిట పట్టడానికి అంబేద్కర్ ఉద్యమం చేయాల్సి వచ్చింది. కులం పేరుతో చెరువు మూయొద్దని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. అయినా 1985లో కారంచేడులో, మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్న కాడ మొదలైన గొడవకు మాదిగలను చంపారు. ఇప్పుడు నీళ్లు ముట్టనిస్తున్నారు. నీళ్లలోని తిండిని మాత్రం లీజు కాగితంలో చుట్టి దాచుకున్నారు.

ఇంటి కూరకు గాలం, ఊత వేసుకునే హక్కు వాడలన్నిటికీ ఉండాలి. గ్రామసభ తీర్మానంలో అది ఎక్కాలి. బిచ్చం కాదు, తాత కాసిన కట్టకు బాకీ.

ఆ పిల్లగాని నాయిన చేతులు కట్టుకోబోతే నేనే విడదీసిన. ఫిర్యాదు నా చేతిరాతతో రాసిన. 'నౌకరీ సంగతి చూసుకో' అన్నారు. చూసుకున్నా. ఈ నౌకరీ నాకు రాత నేర్పింది. చేతులు కట్టుకోవడం నేర్పలేదు.