పోతేనే సుఖమా?

"కాళ్లూ చేతులూ ఆడుతుండగానే దాటిపోవాలి తల్లీ, ఒకరిచేత చేయించుకునే రాత నాకొద్దు." సాయంత్రం దీపం పెట్టినప్పుడల్లా మా అమ్మమ్మ ఈ మాట అనేది. మన ఇళ్లలో ఈ మాట అనని పెద్దవాళ్లు ఉండరు. ఎవరి గురించి వాళ్లు అనుకున్నంతవరకు తప్పు పట్టాల్సిందేమీ లేదు. పక్క మంచం మీద పడుకున్న మనిషిని చూస్తూ అన్నప్పుడే అది ప్రార్థన కాకుండా పోతుంది.

మా బావ తాడిచెట్టు మీంచి పడ్డాడు. భువనగిరి దగ్గర ఊరు వాళ్లది. పొద్దుటి చెట్టు, మంచు తడి, మోకు జారింది. వెన్నెముక దెబ్బతిని నడుం కింద అంతా చచ్చుబడింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక పది రోజులపాటు ఊరు ఊరంతా చూడటానికొచ్చింది. వచ్చినవాళ్లు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, అతను వింటుండగానే అనేవాళ్లు: "పగోనికి గూడ ఈ బతుకు వద్దు. ఆ దేవుడు తీస్కపోతే అయిపోవు, పిల్ల పానం తెరిపిన పడు." పిల్ల అంటే మా అక్క. వాళ్లు వెళ్లిపోయాక బావ నాతో అన్నాడు: "వచ్చినోడల్ల నా సావు ముచ్చటే తీస్తుండు గదరా. ఒక్కడన్న లేసి ఆ ఫ్యాను నాదిక్కు తిప్పడాయె."

అప్పట్లో నేను కూడా కుర్చీలో కూర్చున్నవాళ్ల పక్షమే. వాళ్లలా పైకి అనేవాణ్ణి కాదు, అంతే. చదువుకున్నవాణ్ణి కనక నా దగ్గర ఇంకా మర్యాదైన మాటలుండేవి: కారుణ్య మరణం, గౌరవంగా మరణించే హక్కు, నా శరీరం నా ఇష్టం. నెదర్లాండ్స్‌లో ఉంది, బెల్జియంలో ఉంది, కెనడాలో ఉంది, మనకెందుకు ఉండకూడదు అని వాదించేవాణ్ణి. ఇవాళ టీవీ చర్చల్లో, సంపాదకీయాల్లో, స్నేహితుల మధ్య చలామణీలో ఉన్న అభ్యుదయ వాదం అదే. తీవ్ర వైకల్యంతో బతుకుతున్నవాళ్లకు చావులో సాయం చేయడం నాగరికత అని, వద్దనేవాళ్లు మతమౌఢ్యులని. నాకు మతంతో పని లేదు. కర్మ అనుభవించాల్సిందే అనే పెద్దమనిషి మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. అయినా ఈ వాదం తప్పని ఇప్పుడు నా నమ్మకం.

ముందు ఒక గీత గీద్దాం, లేకపోతే చర్చ పక్కదారి పడుతుంది. వైద్యం వద్దనే హక్కు వేరు. కోలుకునే ఆశ లేని రోగికి కృత్రిమ ప్రాణాధారాలు తీసేయడానికి 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపించింది, అలాంటి వైద్యం వద్దని ముందుగానే వీలునామా రాసుకోవచ్చంది, 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. దానితో నాకు పేచీ లేదు. వెంటిలేటర్ మీద మనిషిని వారాల తరబడి పెట్టి బిల్లు వేయడం కన్నా అది నయం. నా పేచీ వేరేచోట. చావు దగ్గర లేని మనిషికి, కేవలం వైకల్యం ఉందన్న కారణంతో, చావును ఒక సేవగా అందించడం గురించి నేను మాట్లాడుతున్నాను.

హుస్సేన్ సాగర్ గట్టున లేక్ పోలీసులుంటారు. దూకబోయేవాళ్లను పట్టుకుని, కూర్చోబెట్టి, ఇంటివాళ్లను పిలిపించి అప్పగిస్తారు. ఆ మనిషి "నా శరీరం నా ఇష్టం" అంటే ఏ కానిస్టేబులూ వదిలిపెట్టడు. మన చట్టం కూడా అదే అంటోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అతనికి సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. ఇప్పుడు అదే గట్టుకు ఒకడు వీల్‌చైర్‌లో వచ్చాడనుకోండి. మన అభ్యుదయవాదుల లెక్కన కానిస్టేబులు ఏం చేయాలి? సదరం సర్టిఫికెట్ అడిగి, వైకల్యం ఎంత శాతమో చూసి, శాతం సరిపోతే చెయ్యి అందించి నీళ్లలోకి దింపాలా? వినడానికి దారుణంగా ఉంది కదా. కానీ రెండు కాళ్లున్నవాడి కోరికను ఒత్తిడి అని, కాళ్లు లేనివాడి కోరికను వివేకం అని పిలవడంలో ఉన్నది ఇదే.

కెనడా ఈ దారిలో నడిచి చూపించింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు, 2016లో చట్టం. మొదట్లో షరతు గట్టిదే: సహజ మరణం సమీపంలో ఉండాలి. 2019లో క్యుబెక్ కోర్టు ఆ షరతు చెల్లదంది. కోర్టుకెక్కిన ఇద్దరిలో ఒకరు జాఁ ట్రుషోఁ, పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. ఏళ్ల తరబడి అందరిలో బతికిన మనిషి. 2012లో పనిచేస్తున్న ఒక్క చెయ్యి కూడా పడిపోయాక సంరక్షణాలయంలో చేరాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల ఆ సంరక్షణాలయాలకు చుట్టాలెవరినీ రానివ్వని రోజుల్లో, అనుకున్నదానికన్నా ముందే చావు తెచ్చుకున్నాడు. ఆయన కథను స్వేచ్ఛ గెలిచిన కథగా చెబుతారు. నాకు మాత్రం ఆ సంరక్షణాలయం గదే కనిపిస్తుంది. ఇంట్లో ఉండటానికి మనిషి సాయం దొరికి ఉంటే ఏమనేవాడు అన్న ప్రశ్న తీర్పులో తేలే ప్రశ్న కాదు.

2021 మార్చిలో చట్టం మారింది. చావు దగ్గర లేనివాళ్లకు రెండో మార్గం అని ఒకటి తెరిచారు. తొంభై రోజుల పరిశీలన, ఇద్దరు నిపుణులు, కాగితాలన్నీ పక్కాగా ఉంటాయి. 2024లో కెనడాలో వైద్యసాయంతో చనిపోయినవాళ్లు 16,499 మంది, అంటే దేశంలోని మొత్తం మరణాల్లో నూటికి ఐదుకు పైగా. అందులో రెండో మార్గంలో పోయినవాళ్లు 732 మంది. తక్కువే కదా అంటారు. ఆ 732 మంది తక్షణం చావబోతున్నవాళ్లు కారు అన్నదే ఇక్కడ విషయం. క్రిస్టీన్ గోతియే అని మాజీ సైనికురాలు, పారాలింపిక్ క్రీడాకారిణి 2022 డిసెంబరులో అక్కడి పార్లమెంటరీ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. ఇంటికి వీల్‌చైర్ లిఫ్ట్ కోసం ఐదేళ్లుగా తిరుగుతుంటే మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఒకరు చావులో సాయం కావాలంటే చేస్తామన్నారట. లిఫ్టుకు ఐదేళ్లు, రెండో మార్గానికి తొంభై రోజులు!

ఇంకో కాగితం కూడా ఉంది. చట్టం మారకముందు, 2020లో, అక్కడి పార్లమెంటు బడ్జెట్ అధికారి లెక్క కట్టాడు: ఉన్న చట్టంతో వైద్య ఖర్చులో ఏడాదికి 8.69 కోట్ల డాలర్లు మిగులు, మార్పుతో ఇంకో 6.2 కోట్లు. దీన్ని ఖర్చు తగ్గించుకునే ఉపాయంగా చూడవద్దని వాళ్లే రాశారు. నిజమే, వాళ్ల ఉద్దేశం అది కాకపోవచ్చు. కానీ లెక్క ఒకసారి కాగితం మీదికి ఎక్కాక అది ఎవరి కంటా పడకుండా ఉండదు. 2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ ఈ రెండో మార్గాన్ని రద్దు చేయమని కెనడాకు చెప్పింది. మన సంపాదకీయాల్లో కెనడా పేరు తలిచేవాళ్లు ఈ మాట ఎందుకో తలవరు.

"బాధ భరించలేక అడుగుతున్నారు, మీకేం తెలుసు?" అంటారు. బాధ సంగతే చూద్దాం. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రం 1997 నుంచి ఈ చట్టం నడుపుతోంది, అదీ ఆరు నెలల్లో పోయే రోగులకే. ఎందుకు కోరారో వైద్యులు ఏటా నమోదు చేస్తారు. ఆ పట్టికల్లో మొదటి వరసలో ఉండేది నొప్పి కాదు. సొంతంగా ఏమీ చేసుకోలేకపోవడం, ఇష్టమైన పనులు చేయలేకపోవడం, గౌరవం పోవడం ముందుంటాయి. ఇంటివాళ్లకు భారమవుతామన్న బెంగ కూడా నొప్పికన్నా పైనే. ఈ కారణాలను ఒకసారి మెల్లగా చదవండి. ఇంకొకరు స్నానం చేయించడం, ఇంకొకరు బట్టలు మార్చడం, ఇంకొకరి మీద ఆధారపడటం. ఇది లక్షలమంది వికలాంగుల రోజువారీ జీవితం. దాన్ని చావడానికి చాలినంత కారణంగా ప్రభుత్వం ఫారంలో అచ్చేస్తే, అదే స్థితిలో బతుకుతున్నవాడికి అందే కబురేమిటి?

పైగా ఆ జీవితం ఎంత దుర్భరమో బయటివాళ్లు వేసే అంచనా తప్పుతుంది. కళ్లు తప్ప ఏదీ కదలని లాక్డ్-ఇన్ రోగులను 2011లో బెల్జియం పరిశోధకులు అడిగారు. జవాబిచ్చిన 65 మందిలో 47 మంది సంతోషంగానే ఉన్నామన్నారు, 18 మంది లేమన్నారు. ఆ 18 మందిని నేను కొట్టిపారేయడం లేదు. లేమన్నవాళ్లకు తిరగడానికి, కలిసిమెలిసి ఉండటానికి దారులు మూసుకుపోయి ఉండటం కూడా ఆ అధ్యయనంలోనే ఉంది.

లారీ మెకాఫీ కథ మన దగ్గర ఎవరూ చెప్పరు. అమెరికాలో జార్జియా రాష్ట్రం. 1985లో మోటార్ సైకిల్ ప్రమాదం, మెడ కింద కదలిక లేదు, ఊపిరి కూడా యంత్రంతోనే. బీమా డబ్బు ఉన్నన్నాళ్లు సొంత ఇంట్లో, మనుషుల్ని పెట్టుకుని బతికాడు. డబ్బు అయిపోయింది. రాష్ట్రం ఇంట్లో సాయానికి పైసా ఇవ్వనంది. నర్సింగ్ హోమ్ అయితే భరిస్తుందట. తీసుకెళ్లి వేరే రాష్ట్రంలో పడేశారు, ఆ తర్వాత నెలల తరబడి ఐసీయూలో. ఇంజనీరింగ్ బుర్ర కదా, వెంటిలేటర్ దానంతటదే ఆగిపోయేలా ఓ స్విచ్చి తనే ఆలోచించి పెట్టుకున్నాడు. 1989లో కోర్టుకు వెళ్లాడు. జడ్జి ఎంతో గౌరవంగా, ఎంతో దయగా, చావవచ్చన్నాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఔనంది. ఇంతలో వికలాంగుల హక్కులవాళ్లు వచ్చి పట్టుబట్టారు. నలుగురితో కలిసి ఉండే ఇంట్లో చోటు దొరికింది. అంతే, స్విచ్చి నొక్కలేదు. మరికొన్నేళ్లు బతికి, 1995లో పోయాడు. అతని వెన్నెముక మారలేదు, వెంటిలేటర్ మారలేదు. ఉండే చోటు మారింది. ఆ జడ్జీలలో ఎవరూ అతని చావు కోరిక వెనక రాష్ట్ర ఖజానా ఉందని రాయలేదు.

మన దగ్గర ఇది ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. 2016 జూన్‌లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె కోర్టులో ఒక తల్లిదండ్రుల జంట అర్జీ పెట్టింది. ఏడాది నిండని పసిబిడ్డకు కాలేయం చెడింది, ఆపరేషన్‌కు లక్షలు కావాలి, లేవు, కనక కారుణ్య మరణానికి అనుమతించండి అని. పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వం ఖర్చు భరిస్తానంది, బెంగళూరులో కాలేయ మార్పిడి చేశారు. కారుణ్య మరణం అన్న మాట దేనికి మారుపేరో ఆ అర్జీ చూస్తే తెలుస్తుంది. అది చావు కోసం వేసిన పిటిషన్ కాదు, డబ్బు కోసం వేసింది. కలెక్టరేట్ల ముందు గ్రీవెన్స్ రోజున అట్టముక్క మీద ఈ రెండు మాటలు రాసుకుని కూర్చునేవాళ్లను చూసే ఉంటారు. వాళ్లలో ఎవరికైనా "సరే, మంజూరు" అని సంతకం పెట్టే అధికారి ఒకడు ఉంటే ఏమవుతుంది?

వెంకటేశ్ పేరు తీస్తారని తెలుసు. 2004లో హైదరాబాద్ కుర్రాడు, చదరంగం ఆటగాడు, కండరాలు క్షీణించే డుషెన్ జబ్బు, పాతికేళ్లు. తల్లి సుజాత కొడుకు కోరికతో హైకోర్టుకు వెళ్లారు, కోర్టు కాదంది, ఆ డిసెంబరులోనే అతను పోయాడు. తర్వాత దాని మీద నవల వచ్చింది, రేవతి తీసిన 'సలామ్ వెంకీ' సినిమా వచ్చింది. ఈ కథ నాకూ గొంతుకు అడ్డం పడుతుంది. కానీ అతను అడిగిందేమిటి? అవయవాలు పాడైపోకముందే ఇంకొకరికి ఇవ్వాలని. చివరి ఘడియల్లో ఉన్న మనిషి దానగుణం అది. మంచాన పడ్డ బతుకు బతుకే కాదనడం వేరు. అతని పేరును ఆ వాదానికి సాక్షిగా పిలవడం అన్యాయం.

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటే. సాయమంతా దొరికినా, అన్నీ ఉన్నా, అయినా వద్దనేవాడు ఉంటే? ఉంటాడు. అతనికి నా దగ్గర సుఖమైన జవాబు లేదు. అతనొక్కడి కోసం తెరిచిన తలుపు ముందు వరసలో నిలబడేది మాత్రం మిగతావాళ్లు. కూతురి పెళ్లికి అప్పు చేసిన తండ్రి, కోడలి ముఖం చూస్తూ మాత్ర మింగే అత్త, "ఇంకెన్నాళ్లమ్మా నీకీ చాకిరీ" అన్న మాట రోజుకు మూడుసార్లు వినేవాడు. మన ఇళ్లలో నిర్ణయం ఒక్కడిది ఎప్పుడైంది? చీర రంగు దగ్గర్నుంచి చికిత్స దాకా పదిమంది తేలుస్తారు, చావు ఒక్కటి మాత్రం స్వతంత్రంగా తేల్చుకుంటారట!

ఇక సాయం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచాన పడ్డవారికి 2024 నుంచి నెలకు 15,000 ఇస్తున్నారు. మంచి పనే. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016. ఒక మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రి కూడా. మూత్రం సంచి ఖాళీ చేయాలి, గొట్టం మార్చాలి, పుండు కడగాలి. ఆ డబ్బుతో ఏ ఏజెన్సీ మనిషిని పంపుతుంది? ఆ పనంతా జీతం లేకుండా మా అక్క చేస్తోంది. కారుణ్యం గురించి ఉపన్యసించేవాళ్లెవరూ ఆవిడకు ఒక్క రాత్రి నిద్ర ఇవ్వలేదు.

బావ కూడా ఒకసారి అడిగాడు. "ఇంత పురుగుల మందు తెచ్చియ్యరాదురా బామ్మర్దీ" అని. ఆ రోజు గుర్తుంది. కరెంటు పోయి గాలిపరుపు చప్పబడింది, తుంటి మీద పుండు వాసనేస్తోంది. అక్క పత్తి ఏరడానికి కూలికి పోయింది, సంచి నిండి పక్క తడిసింది, ఇంట్లో ఐదో తరగతి పిల్లాడొక్కడే. నేను ఏ సమాధానమూ చెప్పలేదు. పక్క మార్చాను. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత మేస్త్రీ వచ్చి గడప కొట్టేసి వాలుగా సిమెంటు పోశాడు. ఇప్పుడు పొద్దున్నే చక్రాల కుర్చీలో అరుగు మీదికి వస్తాడు. గీత సొసైటీ లెక్కలు రాస్తాడు, దారిన పోయే పిల్లల్ని తిడతాడు, కల్లు పలచనైందని సణుగుతాడు. మహానుభావుడేమీ కాలేదు, ఇంతకుముందు లాగే చాదస్తం. చావు ఊసు మాత్రం మళ్లీ రాలేదు.

మొన్న వెళ్తే ఏం రాస్తున్నావని అడిగాడు. సచ్చే హక్కు గురించి అన్నాను.

"అది సరే గని, సదరం క్యాంపుకు స్లాటు చూడమన్న గదా, దొరికిందా?"

చూడలేదు. జేబులోంచి ఫోన్ తీశాను. సర్వర్ పనిచేయడం లేదు.