దీపపు మెడలోని డ్రైవరు

ఎల్.ఇ.డి. బల్బు ఆరినంతనే దీపము చెడెనని పాఱవేయుచున్నాము. పెక్కుమార్లు చెడునది దీపము గాదు, దాని మెడలో నిమిడియున్న డ్రైవరు. ఇంటికి వచ్చునది 230 వోల్టుల ఏ.సి.; తెల్లని యొక్కొక్క ఎల్.ఇ.డి. కోరునది సుమారు 3 వోల్టుల డి.సి. విద్యుత్తును సెకనుకు వేలకొలది మార్లు త్రుంచి యందించుటచేతనే పిడికెడంత ట్రాన్స్‌ఫార్మరు పనిని గోరంత తీగచుట్ట చేయగలుగుచున్నది. ఈ నేర్పు మెచ్చదగినదే. అయినను ఇఱుకున వేడిమి హెచ్చును. 10 డిగ్రీలు పెరిగినచో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయువు ఇంచుమించు సగమగును. కావున చౌకకై డ్రైవరును మితిమీఱి కుదించుట పొదుపు కాదని మా యభిప్రాయము. బీదయింట మాటిమాటికి క్రొత్త బల్బు కొనుట భారము గదా! కొనువారు వాట్లతోబాటు గ్యారంటీ యెన్నేండ్లో యడుగవలెను. బల్బు విప్పిచూడ నుబలాటపడు విద్యార్థులు మాత్రము ఉపాధ్యాయుని యెదుటనే విప్పవలెను. కరెంటు తీసిన పిదపను కెపాసిటరులో కొంత విద్యుత్తు నిలిచియుండును.