ఆనవాలు వేరు, మనిషి వేరు

మన శృంగవరపుకోటలోను చుట్టుపట్ల పల్లెలలోను నెల మొదటి దినములలో చౌకధరల డిపో చెంత నిలిచినచో ఒక మాట తరచుగా చెవిని బడుచుండును: "ముద్ర పడలేదు మామ్మా, మళ్లీ పెట్టు." ఏండ్ల తరబడి ఊడ్పులు ఊడ్చి, కలుపు తీసి, చింతపండు గింజ తీసిన వేళ్లు అరిగిపోయినవి. ఈ-పాస్ యంత్రము వానిని గుర్తింపజాలదు. వరుసలో నున్నవారెల్లరు ఆమెను వరుసపెట్టి పిలువగలవారే. బియ్యము తూచువాడును ఆమెను చిన్ననాటనుండి ఎరిగినవాడే. అయినను యంత్రము కాదన్నంతనే ఆమె ఆమె కాకపోవుచున్నది! ఈ వింతను గూర్చి విద్యార్థులతో కొంత ముచ్చటింపదలచితిమి.

ఇందు మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. వచ్చినది ఎవరు? తానే యని చూపుటకు ఆనవాలేమి? వచ్చినవారికి గల హక్కేమి? పరీక్షాశాల నెరిగిన మీకు ఇది సులభముగా బోధపడును. విద్యార్థి మనిషి; హాల్ టిక్కెట్టు ఆనవాలు; పరీక్ష వ్రాయుట హక్కు. టిక్కెట్టు త్రోవలో జారిపోయిన యెడల విద్యార్థి మరియొకడు కాడు, చదివిన చదువును పోదు. ఆనవాలు మాత్రమే పోయినది.

కంప్యూటరునకు మన మొగము తెలియదు. దానియందు మన పేర ఒక ఖాతా యుండును. ఆ ఖాతాకు ఒక సంఖ్య యుండును. మంచి సాఫ్టువేరు వ్రాయువారు ఈ ఖాతాను ఒకచోటను, ఆనవాలును వేరొకచోటను, ఖాతాదారునకు గల అధికారముల పట్టికను మరియొకచోటను ఉంచుదురు. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచుట అవివేకము. పసుపుకొమ్మును దంచి పొడిచేసిన పిదప మరల కొమ్ముగా చేయజాలనట్లు, దానిని తిరిగి రాబట్టరాని రూపమునకు మార్చి, ఆ రూపమునే దాచవలెను. మనము మరల పాస్‌వర్డు చెప్పినప్పుడు దానిని అట్లే దంచి, పొడిని పొడితో పోల్చుదురు. సరిపోయినచో కొంతసేపు చెల్లు ఒక చీటి వంటిది మన పేర పుట్టును. అటుపిమ్మట మనము చేయు ప్రతి పనికిని యంత్రము ఆ చీటినే చూచును గాని మనలను చూడదు. కావున చీటి ఎవని చేత బడిన వాడే మనమగును! నలుగురు వాడు కంప్యూటరునుండి లేచునప్పుడు ఖాతానుండి బయటికి వచ్చుట మరువరాదని చెప్పుట ఇందుకే.

వేలిముద్రను ఆనవాలుగా వాడుట మన దేశమున క్రొత్త గాదు. 1858వ సంవత్సరమున వంగదేశమందలి జంగీపూరులో విలియం హెర్షెల్ అను దొర, కోనాయి అను గుత్తదారుచేత ఒడంబడికపై అరచేతి ముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. ముద్రలను వర్గములుగా విభజించు పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మనవారు ఎంతయో పాటుపడిరి. ఆధారు సంఖ్య మొట్టమొదట 2010 సెప్టెంబరు 29వ తేదీన మహారాష్ట్రమున నందుర్బారు జిల్లా టెంభ్లీ గ్రామమున ఇయ్యబడినది. పండ్రెండంకెల ఆ సంఖ్యకు పది వేళ్ల ముద్రలును, రెండు కన్నుల ఐరిసులును, మొగము చిత్రమును తోడుగా నుండును. 2016 నాటి ఆధారు చట్టము 9వ సెక్షను, ఈ సంఖ్య తనంత తాను పౌరసత్వమునకు గాని నివాసమునకు గాని రుజువు కాదని స్పష్టముగా చెప్పుచున్నది. అనగా ఆనవాలు వేరు, హక్కు వేరు అని చట్టమే అంగీకరించినది.

మేము యంత్రమును నిందింపము. ఒకరి బియ్యము మరియొకరు కాజేయకుండ కాపాడుటకు ఆనవాలు కావలసినదే. అయితే యంత్రము "ముద్ర సరిపోలలేదు" అని చెప్పుట సత్యము. "ఈమెకు హక్కు లేదు" అని మనము దానికి అర్థము చెప్పుట అసత్యము. కాళిదాసు శాకుంతలమున ఉంగరము నీటిలో జారినది, శాపవశమున రాజు మరచినాడు, నిజము పలుకుచున్న స్త్రీ నిండుసభలో కల్లలాడునదిగా ఎంచబడినది. ఉంగరము పోయినంత మాత్రమున శకుంతల శకుంతల కాకపోయెనా?

మరియు పాస్‌వర్డు పోయిన మరియొకటి పెట్టుకొనవచ్చును. వేలు అరిగిన మరియొక వేలు మొలవదు. అయిదేండ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు తీయరు. అయిదేండ్లు నిండినప్పుడును, పదునైదేండ్లు నిండినప్పుడును ముద్రలు ఇయ్యవలెనని నియమము. మీలో పలువురు ఈ పని చేసియే యుందురు. బాలుని వేలు మారునని ఒప్పుకొనిన వారు ముదుసలి వేలు అరుగునని ఏల మరువవలెను? వేలు పడనిచో ఐరిస్ చూడవలెను. అదియు కుదరనిచో సెల్‌ఫోనునకు ఓటీపీ పంపవలెను. అదియు లేనిచో బాధ్యతగల ఉద్యోగి సాక్షిగా పుస్తకమున వ్రాసికొని బియ్యము ఈయవలెను. అంతేగాని ఆకలిగొన్నవారిని రేపు రమ్మనరాదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇట్టి సాఫ్టువేరు వ్రాయుదురు. వ్రాయునాడు, ముద్ర కుదిరినవారికి ఒక ద్వారము తెరచి, కుదరనివారికి మరియొక ద్వారము తప్పక ఉంచుడు. అంతవరకు ఇంట మీ తాతకు, మామ్మకు ఓటీపీ ఎవరికిని చెప్పరాదని బోధింపుడు. వారి వెంట డిపోకు నడువుడు. ముద్ర పడనినాడు వారు తల వంచుకొని వెనుదిరుగకుండ ప్రక్కన నిలిచి, వారి కొరకు అడుగుడు.