వినపడని షోర్, ఆగిపోయిన లోరీ

"మామూ, ఈ డబ్బాలో షోర్ ఉంది. వాపస్ ఇచ్చేస్తా" అన్నాడు కడపలో ఉండే మా ఆపా కొడుకు.

రంజాన్ ముందు కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్ అది. మైకునూ స్పీకర్లనూ కంప్యూటరుకు కలిపే చిన్న పెట్టె. నాత్‌లు రికార్డు చేయాలని, ఆపా దగ్గరే ఉంటున్న మా అమ్మీ పాడే లోరీలు, షాదీ గీతాలు భద్రంగా దాచిపెట్టాలని వాడి ఇరాదా.

చెవి పెట్టి విన్నాను. ఏ షోరూ లేదు. "వినపడదు మామూ, కనపడుతుంది" అన్నాడు. అవుట్‌పుట్ వైరును అదే డబ్బా ఇన్‌పుట్‌లో గుచ్చి, 192 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసి గ్రాఫ్ చూపించాడు. 20 కిలోహెర్ట్జ్ దాకా గీత మైదానంలా చదునుగా ఉంది. ఇంకొంత దూరం పోయాక నల్లమల కొండలా లేచింది.

నా అభిప్రాయం సాఫ్‌గా చెబుతాను. ఆ కొండ ఐబ్ కాదు, ఒక హిక్మత్. నేటి కన్వర్టర్లలో ఎక్కువ భాగం డెల్టా-సిగ్మా పద్ధతిలో పనిచేస్తాయి. అంకెలను ఆవాజ్‌గా మార్చేటప్పుడు కొంత రొద పుట్టక తప్పదు. ఆ కచరాను మన చెవి అందుకునే హద్దు నుంచి పైకి ఊడ్చేస్తారు, ఇల్లు ఊడ్చి చెత్త గడప దాటించినట్టు. తర్వాత ఫిల్టర్ చాలావరకు ఎత్తేస్తుంది, కొంత మిగులుతుంది. 1999లో వచ్చిన సూపర్ ఆడియో సీడీలోనూ ఇదే కథ. మనిషి చెవి పసితనంలోనే 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. వయసు పెరిగే కొద్దీ ఇంకా కిందికి దిగుతుంది. పైగా కొలిచిందీ అదే డబ్బా! దాని ఇన్‌పుట్ కన్వర్టర్ కూడా ఇలాంటిదే. ఆ కొండలో అవుట్‌పుట్‌ది ఎంతో, కొలిచే భాగానిది ఎంతో ఎవరు తేల్చాలి?

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ రొద మరీ ఎక్కువై, యాంప్లిఫయరో స్పీకరో దాన్ని సరిగ్గా మోయలేకపోతే వినపడే గోల పుట్టొచ్చు. 30, 33 కిలోహెర్ట్జ్ శబ్దాలు కలగలిస్తే తేడాగా 3 కిలోహెర్ట్జ్ కూత వస్తుంది, అది చెవికి తగులుతుంది. అయితే దానికి ఇంతిహాన్ సులువు. ఏమీ ప్లే చేయకుండా, మామూలుగా వినేంత వాల్యూమ్ పెట్టి, మామూలుగా కూర్చునే చోట కూర్చోండి. ఖామోషీ ఉంటే ఖైరియత్.

మన ఇళ్లలో రికార్డింగ్‌ను పాడుచేసేవి వేరే. నెత్తిమీద ఫ్యాను, కిటికీలో కూలరు, ల్యాప్‌టాప్ చార్జరు తెచ్చే గుర్రు, ఖాళీ గోడల గూంజ్. చార్జరు పీకి బ్యాటరీ మీద నడపండి. గోడకు రజాయీ వేలాడదీయండి. ఎండాకాలమైతే ఫజర్ తర్వాత ఫ్యాను ఆపి కూర్చోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. ఒక మైకుకు నిమిషానికి తొమ్మిది ఎంబీ లోపే. 192లో దానికి నాలుగింతలు. చోటు తింటుంది, అమ్మీ గొంతుకు మాత్రం ఏమీ కలపదు.

ఇదంతా వాడికి చెప్పాను. అయినా ఆ డబ్బా అమ్మి, ఇంకా ఖరీదైనది వెతికాడు. గ్రాఫ్‌లు పోల్చుకుంటూ రెండు నెలలు గడిపాడు. బక్రీద్‌కు నేను కర్నూలు నుంచి పోయేసరికి కొత్త డబ్బా వచ్చింది. మైకు పెట్టాడు. నన్ను నిద్రపుచ్చిన లోరీని అమ్మీ ఎత్తుకుంది. మొదటి బంద్ అయింది. రెండోది రాలేదు. కాసేపు చూసి, "యాద్ నై ఆ రా బేటా" అని నవ్వింది. గ్రాఫ్ మాత్రం చాలా సాఫ్‌గా ఉంది.

వాణ్ణి తిట్టలేదు. ఏ హక్కుతో తిట్టను? వాడిది రెండు నెలల ఆలస్యం, నాది ఇరవై ఏళ్లది. జేబులో రికార్డర్ పెట్టుకుని ఊరందరి మాటలూ పట్టిన సహాఫీని, అమ్మీ ముందు మాత్రం ఒక్కసారీ దాన్ని నొక్కలేదు.

మన ఇళ్లలోని లోరీలు, గీతాలు చాలావరకు కాగితం ఎక్కలేదు. నానీల, దాదీల గొంతుల్లోనే ఉన్నాయి. అవి మన దగ్గర అమానత్. మంచి డబ్బా వచ్చేదాకా ఆగకండి. ఈ జుమా నమాజ్ అయ్యాక ఫోనైనా సరే వాళ్ల ముందు పెట్టి, "ఒక్కటి పాడు అమ్మీ" అనండి.