నిమ్మవాసన పెళ్ళిచూపులు

మావారికి సెంటు కొందామని దుకాణానికి వెళ్ళాం. ఆ కుర్రాడు రెండు కాగితప్పుల్లలు మా ముక్కుల దగ్గర ఆడించాడు. ఒకటి గెర్లాన్ వారి ‘వెటివర్’, రెండోది ‘తెర్ ద్ ఎర్మెస్’. “రెండూ నిమ్మ, నారింజ వాసనేగా! చవకది ఇచ్చెయ్” అన్నారీయన. “ఆఫర్ ఇవాళే ఆఖరు మేడమ్” అని వాడి తొందర.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళిచూపుల్లో పిల్లవాడు చూపించే వినయం లాంటిదండీ ఈ నిమ్మవాసన! ఆ తొక్కల నూనెలు ఇట్టే ఆవిరైపోతాయి. తర్వాత పొద్దుగూకేదాకా కాపురం చేసేది అడుగునున్న కలపతో, వేళ్ళతో. మరి డబ్బు దేన్ని చూసి ఇస్తున్నాం?

వెటివర్ అంటే ఏమిటనుకున్నారు? ఎండాకాలం మనం తడికలు కట్టి తడిపే వట్టివేళ్ళే! ఆ పేరు తమిళం నుంచి ఫ్రెంచివాళ్ళకు చేరింది. వట్టివేళ్ళు రెండు సీసాల్లోనూ ఉన్నాయి. కానీ మొదటిదాంట్లో వాటికి పొగాకు తోడు. 2006లో ఝాన్ క్లోద్ ఎలెనా చేసిన రెండోదాంట్లో మిరియాల ఘాటు, దేవదారు, చెకుముకిరాయి రాజేసినట్టు ఒక పొడివాసన. ఇవి రెండూ ఒకటెలా అవుతాయి?

కాగితాన్ని నమ్మకండి. ఆయన ఒక్కో మణికట్టుకి ఒక్కోటి రాయించి ఇంటికి తీసుకొచ్చేయండి. రాత్రి భోజనాలయ్యాక వాసన చూసి చెప్పండి. పూసుకునేది ఆయనే అయినా, పక్కన కూర్చుని భరించేది మనమేగా! ఆఫర్ పోతే పోనివ్వండి.